స్టాక్‌హోమ్‌లో ఏ బడిలో వేయాలి?

ప్రశ్న: అక్కా, ఆగస్టులో మేం స్టాక్‌హోమ్ వెళ్తున్నాం. మావారి కాంట్రాక్టు మూడేళ్ళు, ఆ తర్వాత పొడిగించవచ్చట. పాపకి ఈ ఏడే తొమ్మిది నిండాయి, బాబుకి జూన్‌లో ఆరు నిండుతాయి. అక్కడ ఇంగ్లిష్, స్వీడిష్ రెండు భాషల్లోనూ చెప్పే ఇంటర్నేషనల్ బడులు ఉన్నాయంటున్నారు. ఒకరేమో అసలు ఫీజే ఉండదంటారు, ఇంకొకరు జీతంలో సగం దానికే పోతుందంటారు. "మూడేళ్ళ ముచ్చటకి ఆ భాష నేర్చుకుని ఏం చేస్తారు" అని మా మామగారు. పూర్తిగా ఇంగ్లిష్ బడిలో వేసేస్తే ఏ గొడవా ఉండదు కదా? రాత్రుళ్ళు నిద్ర పట్టక ఇదే టెన్షన్.
— ఒక అమ్మ

జవాబు: చెల్లీ, ఫీజు సంగతి మీకు చెప్పినవాళ్ళిద్దరూ నిజమే చెప్పారు. చిక్కల్లా 'ఇంటర్నేషనల్' అన్న మాటతోనే. అక్కడ రెండు రకాల బడులు ఆ మాటని బోర్డు మీద రాసుకుంటాయి. రెంటికీ చట్టం వేరు, డబ్బు వచ్చే దారి వేరు.

మొదటి రకాన్ని ఫ్రీస్కూలా అంటారు. నడిపేది ప్రైవేటు వాళ్ళు, ఖర్చు మాత్రం మునిసిపాలిటీది. 1992 నుంచి ఉన్న పద్ధతి ఇది. మీ బిడ్డ ఏ బడిలో చేరితే ఆ బిడ్డకి రావాల్సిన డబ్బు ఆ బడికి వెళ్తుంది. దాన్ని స్కూల్‌పెంగ్ అంటారు. అది తీసుకునే బడి మీ దగ్గర ఫీజు అడగకూడదు. పుస్తకాలకి డబ్బు కట్టక్కర్లేదు, మధ్యాహ్నం వేడి భోజనం కూడా బడిదే. ఈ ఫ్రీస్కూలాల్లో కొన్ని సగం దాకా పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్తాయి. సగం దాకా అని ఊరికే అనలేదు, చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది. 1993లో మొదలై ఇప్పుడు దేశమంతా బడులున్న ఇంటర్నేషనెల్లా ఎంగెల్స్కా స్కూలాన్ వీటిలో అందరికీ తెలిసిన పేరు. పేరు చూసి మొత్తం ఇంగ్లిషే అనుకుంటారు మనవాళ్ళు. అక్కడ చదివే పిల్లల్లో ఎక్కువమంది స్వీడన్‌లోనే ఉండిపోయేవాళ్ళు, స్వీడిష్ సిలబస్ చదివేవాళ్ళు.

రెండో రకం ఫీజు కట్టే అసలు ఇంటర్నేషనల్ స్కూళ్ళు. స్టాక్‌హోమ్ ఇంటర్నేషనల్ స్కూల్, బ్రిటిష్ ఇంటర్నేషనల్ స్కూల్ లాంటివి. ఇక్కడ ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) గానీ బ్రిటిష్ సిలబస్ గానీ ఉంటుంది. స్వీడిష్ ఒక సబ్జెక్టుగా చెప్తారు. ఫీజు ఒక్కో బిడ్డకి ఏడాదికి లక్ష క్రోనర్లు దాటుతుంది. మీకు ఇద్దరు. కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయేవాళ్ళ కోసం అని చట్టమే వీటిని విడిగా పెట్టింది.

ఇక మీరు అడగని మూడో రకం ఒకటి ఉంది. మీ ఇంటి పక్కన ఉండే మునిసిపల్ బడి. ప్రభుత్వ బడి అనగానే మన మనసులో ఒక బొమ్మ వస్తుంది చూడండి, దాన్ని విమానం ఎక్కే ముందే వదిలేయండి. డాక్టరు పిల్లలు, బస్సు డ్రైవరు పిల్లలు పక్కపక్కన కూర్చునే బడి అది.

ఇప్పుడు నా కథ చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే నా పాత డైరీ చదువుతున్నట్టే ఉంది. మేం 2009లో వెళ్ళాం. రెండేళ్ళే అని వెళ్ళాం. ఆ రెండేళ్ళు ఇంకా అవలేదు. పాపకి అప్పుడు ఏడేళ్ళు. ఎలాగూ తిరిగొచ్చేస్తాం కదా అని ఫీజు కట్టే ఇంగ్లిష్ బడిలో వేశాం. ఫీజు ఆయన కంపెనీది. బడి మంచిదే, టీచర్లు మంచివాళ్ళే. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. అయితే ప్రతి జూన్‌లోనూ ఇంట్లో ఏడుపు. ఎందుకంటే ఆ బడిలో పిల్లలంతా మాలాంటివాళ్ళే, ఏ సింగపూర్‌కో హ్యూస్టన్‌కో బదిలీ అయిపోయేవాళ్ళే. మా ఫ్రిజ్ తలుపు మీద వీడ్కోలు కార్డులు ఐదేళ్ళలో పదకొండు చేరాయి. ఇంటి కింద ఆడుకునే పిల్లలేమో స్వీడిష్ పిల్లలు. ఇది బాల్కనీలోంచి చూసేది. కిందికి వెళ్ళి ఆడుకోవే అంటే "వాళ్ళు ఏం మాట్లాడుతున్నారో నాకు తెలీదమ్మా" అనేది. ఊళ్ళోకొచ్చి నాలుగేళ్ళయ్యాక అన్న మాట ఇది.

2014లో మావారి కాంట్రాక్టుని లోకల్ కాంట్రాక్టుగా మార్చారు. జీతం పెరిగిందని పాయసం చేసుకున్నాం. ఫీజు ఇక ఇవ్వరన్న ముక్క కాగితంలో మూడో పేజీలో ఉంది. ఆ ఆగస్టులో పాపని మామూలు స్వీడిష్ బడిలో ఆరో తరగతిలో వేశాం. స్వీడన్‌లో మామూలుగా గ్రేడ్లు మొదలయ్యేదే ఆరో తరగతిలో. అంటే ఐదేళ్ళు హాయిగా, మార్కుల్లేకుండా గడిపే కాలమంతా వేరే బడిలో గడిపి, సరిగ్గా లెక్క మొదలయ్యే రోజున తీసుకెళ్ళి దింపామన్న మాట.

ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. చరిత్ర పాఠం, గుస్తావ్ వాసా అని పదహారో శతాబ్దపు రాజు. ప్రతి మాట మీదా పెన్సిల్‌తో చిన్నచిన్న అక్షరాల్లో అర్థాలు రాసుకుంది. స్వీడిష్‌లో 'స్కాట్' అంటే పన్ను. నిధి అన్నా ఆ మాటే. ఇదేమో రాజు రైతుల పొలాల్లో నిధుల కోసం వెతికించాడని పేజీన్నర రాసింది. పన్నులకే రైతులు తిరగబడ్డారని తెలీక, నిధులు దాచుకున్నందుకు శిక్షించాడని కథ అల్లింది. బడిలో నవ్వారట. ఇంటికొచ్చి పుస్తకాన్ని సోఫా కిందికి తన్నింది. రెండేళ్ళు పట్టింది దానికి తేరుకోవడానికి. పిల్లలు స్పాంజిలాంటివాళ్ళు, భాష చటుక్కున పీల్చేస్తారు అంటారే, ఆరేళ్ళప్పుడు సరే. పన్నెండేళ్ళ పిల్ల ముందు ఆ మాట అనకండి.

మావాడు అక్కడే పుట్టాడు. మునిసిపల్ బడిలోనే చదివాడు. వాడి తిప్పలు వేరే రకం. స్వీడిష్ వాళ్ళు మాట్లాడేటప్పుడు 'ఊఁ' కొట్టడానికి బదులు ఊపిరి లోపలికి లాగుతూ ఒక చిన్న 'యా' అంటారు. వీడు ఫోన్లో అమ్మమ్మతో మాట్లాడుతూ అలాగే అనేవాడు. "పిల్లాడికి ఆయాసంగా ఉందేమిటే, డాక్టరుకి చూపించారా" అని మా అమ్మ వారం రోజులు కంగారు పడింది.

మీ లెక్కకి వద్దాం. అక్కడ తరగతి క్యాలెండర్ సంవత్సరం చూసి వేస్తారు. ఈ ఏడు ఆరు నిండే పిల్లలంతా, జనవరిలో పుట్టినా డిసెంబరులో పుట్టినా, ఆగస్టులో ఎఫ్ క్లాస్‌లో చేరతారు. 2018 నుంచి అది తప్పనిసరి. మీ బాబు అందులోకి. పాప మూడో తరగతిలోకి. మూడేళ్ళకి పాప ఐదు పూర్తి చేస్తుంది. కాంట్రాక్టు పొడిగిస్తే? ఆరో తరగతి, గ్రేడ్లు. చూశారా, మీ 'పొడిగించవచ్చట' ఎక్కడికి వచ్చి ఆగిందో. తొమ్మిదో తరగతి తర్వాత గిమ్నేసియంలో (మన ఇంటర్ లాంటిది) నేషనల్ కోర్సుల్లో చేరాలంటే స్వీడిష్ గానీ, రెండో భాషగా స్వీడిష్ గానీ పాసవ్వాలి. ఇంగ్లిష్, లెక్కలు సరే సరి. అంచేత స్వీడిష్‌ని మూడేళ్ళ ముచ్చటగా లెక్కేసుకుంటే తర్వాత వడ్డీతో కట్టాల్సి వస్తుంది. మామగారికి ఈ మాట నా పేరు చెప్పి చెప్పండి, మీ మీదికి రాకుండా ఉంటుంది.

కాబట్టి నా మాట అడిగితే: కచ్చితంగా మూడేళ్ళే, సంతకమైన కాగితం ఉంది, తిరుగు ప్రయాణం ఖాయం అంటే ఫీజు బడి, అదీ కంపెనీ కడితేనే. అలా లేదంటే బాబుని మునిసిపల్ బడిలో గానీ రెండు భాషల ఫ్రీస్కూలాలో గానీ వేయండి. పాపకి రెండు భాషల బడి బాగా సరిపోయే వయసు. ఇంగ్లిష్‌లో చెప్పే పాఠాల్లో తలెత్తుకుని కూర్చుంటుంది, స్వీడిష్ పాఠాల్లో తడుముకుంటుంది. రోజులో సగం ధైర్యంగా ఉన్న పిల్ల మిగతా సగం ఓర్చుకుంటుంది.

కానీ సీటు దొరకాలి కదా. ఇక్కడే నిజంగా గొడవ. పేరున్న ఫ్రీస్కూలాల్లో చాలావాటికి క్యూ ఉంటుంది, పేరు ఎప్పుడు రాయించారన్నది చూసి సీటిస్తారు. బిడ్డ పుట్టిన వారానికే పేరు రాయించే తల్లులు ఉన్నారు. మనం వీసా వచ్చాక రాయిస్తాం. అయినా రాయించండి, ఇవాళే రాయించండి, ఒకటి కాదు నాలుగింటిలో రాయించండి. మధ్యలో బదిలీ అయి వెళ్ళేవాళ్ళ వల్ల మూడు, నాలుగు తరగతుల్లో ఖాళీలు వస్తుంటాయి. చాలాచోట్ల తోబుట్టువులకి ముందు సీటిస్తారు, ఒకరికి దొరికితే రెండోవాళ్ళకి దారి తెరుచుకున్నట్టే. దొరక్కపోతే భయం లేదు. మునిసిపాలిటీ మీ పిల్లలకి సీటు ఇచ్చి తీరాలి. కొత్తగా వచ్చిన పిల్లలకి ఏం వచ్చో, ఏం రాదో రెండు నెలల్లోపు చూసి రాసుకుంటారు. కావాలంటే భాష పట్టుబడేదాకా కొన్ని గంటలు ప్రత్యేక తరగతిలో కూర్చోబెడతారు, అదైనా రెండేళ్ళకి మించకూడదు. రెండో భాషగా స్వీడిష్ అని వేరే సబ్జెక్టే ఉంది, దానికి వేరే టీచరు ఉంటారు. అందులో వేశారని నామోషీ పడకండి. నేను పడ్డాను, పాప రెండు నెలలు నష్టపోయింది.

బడి చూడ్డానికి వెళ్తే వెబ్‌సైటులో ఉన్నదే మళ్ళీ చెప్తారు. మీరు రాస్ట్ టైముకి, అంటే ఆటల విరామానికి వెళ్ళండి. వరండాలో వరసగా కొక్కేలు, ప్రతి కొక్కేనికీ పేరు, దానికి వేలాడుతూ గాలోన్‌బిక్సర్ అని ప్లాస్టిక్ పూతున్న ప్యాంట్లు, కింద బురద బూట్లు కనిపిస్తాయి. వానైనా మంచైనా బయటికే. పిల్లలు వాటిని ఎక్కించుకుంటూ ఒకరినొకరు తోసుకునేటప్పుడు ఏ భాషలో అరుచుకుంటారో వినండి. క్లాసులో భాష టైంటేబుల్‌ది, అక్కడ వినిపించేదే బడి అసలు భాష. కొన్ని 'ద్విభాషా' బడుల్లో ఆ వరండాలో ఇంగ్లిష్ ముక్క వినపడదు. కొన్నిట్లో స్వీడిష్ వినపడదు. మీకు రెండూ కలిసి వినిపించే బడి దొరికితే వదలొద్దు.

ప్రిన్సిపాల్‌ని అడగాల్సినవి కొన్నే. ఏ సబ్జెక్టు ఏ భాషలో, ఏ తరగతి నుంచి? ఇంగ్లిష్‌లో చెప్పే టీచర్లు ఎన్నేళ్ళుగా ఉన్నారు? (వేరే దేశం నుంచి వచ్చి ఏడాదికే వెళ్ళిపోతుంటే పిల్లలకి ఏటా కొత్త యాసే.) లైసెన్సు ఉన్న టీచర్లు ఎందరు? ఇక స్కూల్‌ఇన్‌స్పెక్షూనెన్ అని తనిఖీ శాఖ ఉంది. ఆ బడి గురించి వాళ్ళు రాసిన రిపోర్టులు ఎవరైనా అడిగి తెప్పించుకోవచ్చు. మెయిల్ పెడితే చాలు, మీరెవరని కూడా అడగరు. ఫ్రీస్కూలాల్లో చాలా భాగం లాభం కోసం నడిచే కంపెనీలే, 2013లో అలాంటి పెద్ద కంపెనీ ఒకటి దివాలా తీసి వేల పిల్లలు కొత్త చేతుల్లోకి వెళ్ళారు. అందుకే రిపోర్టు చదవమంటున్నాను.

కంపెనీ హెచ్ఆర్‌ని అడగాల్సింది ఒక్కటే. ఫీజు ఎన్నేళ్ళు ఇస్తారు, కాంట్రాక్టు లోకల్‌గా మారితే ఇస్తారా? కాగితం మీద. మీవారికి విదేశీ నిపుణులకిచ్చే 'ఎక్స్‌పర్ట్ ట్యాక్స్' రాయితీ వస్తుందా అని కూడా కనుక్కోమనండి. అది ఉంటే కంపెనీ కట్టే స్కూలు ఫీజు మీద పన్ను పడదు. లేకపోతే ఆ ఫీజు కూడా జీతంలాగే లెక్క, దాని మీద పన్ను మీదే. మేం దీన్ని తెలుసుకుంది పన్ను కాగితం వచ్చాకే.

తెలుగు మాట మీరు ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. స్వీడన్‌లో మూడర్స్‌మోల్ అని మాతృభాషా తరగతి అడిగే హక్కు మీకుంది. మీ మునిసిపాలిటీలో అదే భాష కోరే పిల్లలు కనీసం ఐదుగురు ఉండాలి, టీచరు దొరకాలి, ఇంట్లో రోజూ ఆ భాషే మాట్లాడుతూ ఉండాలి. వారానికి గంటో ఏమో ఉంటుంది, చాలాసార్లు బడి అయ్యాక. ఐదుగురు లేరంటే ఇంకో ముగ్గురు అమ్మలతో మాట్లాడండి. అలాగే మా దగ్గర పోగయ్యారు. ఆ ఫారం చివరి పేజీలో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న దగ్గర గొప్పకి ఇంగ్లిష్ అని రాయకండి. నాకు తెలిసిన ఒకావిడ రాసి, తర్వాత దిద్దించుకోవడానికి ఒక టర్మ్ తిరిగింది.

ప్రశ్న: మేడం, కోపెన్‌హాగెన్‌లో ఉంటున్నాం. పాప వచ్చే ఏడు సున్నా తరగతికి వస్తుంది. స్వీడన్‌లో ఉన్న మా ఫ్రెండు ఫీజు లేకుండా రెండు భాషల బడిలో వేశాడు. ఇక్కడ అలాంటిది ఎందుకు దొరకడం లేదు?
— ఒక నాన్న

జవాబు: బాబూ, స్వీడన్‌నీ డెన్మార్క్‌నీ కలిపే ఓరెసున్ వంతెన దాటితే చట్టం మారిపోతుంది. డెన్మార్క్‌లో ప్రైవేటు బడికి ఖర్చులో పెద్ద వాటా సర్కారు ఇస్తుంది, మిగిలింది తల్లిదండ్రులే కట్టాలి. అందుకే ఫీజు తప్పదు, కానీ నెలకి కొన్ని వేల క్రోనర్లతో సరిపెట్టే చిన్న ఇంటర్నేషనల్ బడులు నగరంలోనూ శివార్లలోనూ ఉన్నాయి. నార్‌హావ్న్‌లో సోలార్ పలకలు తొడుక్కుని నీలంగా మెరిసే కోపెన్‌హాగెన్ ఇంటర్నేషనల్ స్కూల్‌ని చూసి భయపడినట్టున్నారు మీరు. అది ఖరీదైనదే. ఫీజు లేని దారి ఒకటుంది: 2014లో మొదలైన యూరోపియన్ స్కూల్ కోపెన్‌హాగెన్. ఇంగ్లిష్ సెక్షన్, డేనిష్ సెక్షన్ విడివిడిగా ఉంటాయి. యూరోపియన్ యూనియన్ సంస్థల ఉద్యోగుల పిల్లలకి మొదట సీట్లు, మిగిలినవి మిగతావాళ్ళకి. దరఖాస్తు పెట్టండి, ఆశ మాత్రం తక్కువ పెట్టుకోండి.

ఆరేళ్ళ పిల్ల కదా, నేనైతే ఇంటి దగ్గర ఫోల్కెస్కూలెలో, అంటే మునిసిపల్ బడిలో, వేసేదాన్ని. డేనిష్ వినడానికి నోట్లో బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడినట్టుంటుందని స్వీడిష్ వాళ్ళు వెక్కిరిస్తారు. పెద్దయ్యాక నేర్చుకోవడం నరకం, ఆరేళ్ళకి ఆట. రెండు సంగతులు మాత్రం ముందే తెలుసుకోండి. వేడి భోజనం బడి పెడుతుందని లెక్కేసుకోకండి, ఉదయం డబ్బా మీరే కట్టాల్సి రావచ్చు. తెలుగు తరగతి బడి పెట్టదు. 2002 నుంచి యూరోపియన్ యూనియన్, యూరోపియన్ ఆర్థిక ప్రాంతపు దేశాల వాళ్ళకీ, ఫారో దీవులు, గ్రీన్‌లాండ్ వాళ్ళకీ తప్ప మాతృభాష చెప్పాల్సిన బాధ్యత అక్కడి మునిసిపాలిటీల మీద లేదు. రాత్రి పూట కథలు తెలుగులో చెప్పే పని మీది. ఫోన్ పక్కన పెట్టి.

ప్రశ్న: అమ్మాయ్, నేను మా అబ్బాయి దగ్గరికి నార్వే, స్టావాంగర్ వచ్చాను. వాడు ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. మనవడు మూడో తరగతి. మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు. రెండు బ్రెడ్డు ముక్కలు పట్టుకుపోయి బురదలో ఆడి వస్తున్నాడు. ఇది బడేనా? ఇంటర్నేషనల్ దానిలో వేయించమని పోరుతున్నాను. నువ్వైనా చెప్పు.
— ఒక నాయనమ్మ

జవాబు: పిన్నిగారూ, మీరు కోప్పడకపోతే చెప్తాను. బడే అది. నార్వేలో ఏడో తరగతి దాకా ఎవరికీ మార్కులు వేయరు. అలాగని ఏమీ రానట్టు కాదు. ఏడాదిలో రెండుసార్లైనా టీచరు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి పిల్లాడికి ఏం వచ్చో, ఏం రాలేదో చెప్తుంది. ఈసారి మీ అబ్బాయితో మీరూ వెళ్ళండి. స్టావాంగర్ చమురు ఊరు కాబట్టి ఆ కంపెనీల వాళ్ళ పిల్లల కోసం ఇంటర్నేషనల్ బడులు ఉన్నమాట నిజమే. మీ అబ్బాయి రెండేళ్ళలో దేశం మారేటట్టుంటే ఆలోచించవచ్చు. అక్కడే ఇల్లు కొనుక్కున్నాడని మీ ఉత్తరంలో మీరే రాశారు కదా, ఇక ఎందుకు?

బ్రెడ్డు ముక్కల సంగతి మాత్రం నాకూ మింగుడు పడదు. దాన్ని మాట్‌పాకె అంటారు, ముక్కకీ ముక్కకీ మధ్య పెట్టడానికి కొలత ప్రకారం కోసిన కాగితాలు కూడా కొట్లో అమ్ముతారు. వాడి డబ్బాలో గోధుమ రంగు పలచటి ముక్క ఒకటి ఉంటుంది చూడండి, సబ్బు బిళ్ళ అనుకుని పారేయకండి. అది బ్రూనొస్ట్ అనే చీజ్, పాలు విరిచి జున్ను తీశాక మిగిలిన నీళ్ళని గంటలకొద్దీ మరగబెట్టి చేస్తారు దాన్ని. కొంచెం మాడిన కోవాలా ఉంటుంది. ఒక ముక్క కాఫీతో తిని చూసి మళ్ళీ ఉత్తరం రాయండి.